బండి ఇంజిన్ ఆపడం: అపోహలు - వాస్తవాలు

ఉదయాన్నే మా షెడ్డుకు తోసుకొచ్చే బళ్లలో కొన్నింటికి ఏ రిపేరూ ఉండదు. సెల్ఫ్ నొక్కితే రిలే టిక్కుటిక్కుమంటుందే తప్ప మోటారు తిరగదు. రాత్రి కుడిచేతి ఎర్ర స్విచ్‌తో (కిల్ స్విచ్) ఇంజిన్ ఆపి, తాళం తిప్పడం మరచిపోయారని అడిగితే తెలుస్తుంది.

అపోహ: కిల్ స్విచ్‌తో ఆపితే ఇంజిన్ పాడవుతుంది.

వాస్తవం: ఆ స్విచ్ ప్లగ్‌కు అందే స్పార్కును ఆపుతుంది, ఇంజెక్షన్ బళ్లలో (ఇంజెక్టర్ పెట్రోలును చిమ్మే కొత్త రకం బళ్లు) పెట్రోలు పంపును కూడా ఆపుతుంది. తాళం తిప్పినా ఇంజిన్‌లో జరిగేది అంతే. అయితే తాళం బండి మొత్తానికి కరెంటు ఆపేస్తుంది, కిల్ స్విచ్ ఇంజిన్‌కు మాత్రమే ఆపుతుంది. మీటరు, కొన్ని మోడళ్లలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. 12 వోల్టుల, 3 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ మీద 5 వాట్ల బల్బు ఒక్కటి వెలిగినా ఏడెనిమిది గంటల్లో బ్యాటరీ దిగిపోతుంది. కాబట్టి ఎర్ర స్విచ్‌తో ఆపినా ఇబ్బంది లేదు, వెంటనే తాళం తిప్పి చేతిలోకి తీసుకోవాలి. సైడ్ స్టాండ్ వేసి ఇంజిన్ ఆపే అలవాటున్నవారికీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఆపే ముందు ఒకసారి రైజ్ చేస్తే మర్నాడు సులువుగా స్టార్టవుతుంది.

వాస్తవం: కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే పాత రకం భాగం) ఉన్న బండిని రైజ్ చేస్తూ ఆపితే, స్పార్కు ఆగాక కూడా ఇంజిన్ కొన్ని చుట్లు తిరిగి పెట్రోలును లోపలికి లాగుతుంది. మండని ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, వేడి సైలెన్సర్‌లోకి చేరితే ఫట్టుమని పేలుతుంది. ఇంజెక్షన్ బండికి ఎలాగూ దీనివల్ల ఒరిగేదేమీ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, న్యూట్రల్ చేసి, ఇంజిన్ నెమ్మదించాక ఆపడమే సరైన పద్ధతి.

అపోహ: దూరం నడిపాక అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచితే ఇంజిన్ చల్లబడుతుంది.

వాస్తవం: గాలితో చల్లబడే ఇంజిన్‌కు బండి కదులుతున్నప్పుడే గాలి తగులుతుంది. నిలబెట్టి నడిపితే వేడి పెరుగుతుంది.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ ఆపితే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: అన్నిటికంటే నన్ను భయపెట్టే అలవాటు ఇదే. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారితే, గేరు ఇచ్చే పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. వేడెక్కిన బ్రేక్ షూ పట్టు కోల్పోతుంది. తాళం కూడా తిప్పేస్తే హారన్ మోగదు, బ్రేక్ లైటు వెలగదు, వెనుక వచ్చేవారికి మీరు ఆగుతున్న సంగతి తెలియదు. పైగా చాలా ఇంజెక్షన్ బళ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే, వాలులో ఇంజెక్టర్ తనంతట తానే పెట్రోలు ఆపేస్తుంది.