మారణకాండలో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

ఊచకోతల్లో ఇంట్లోవాళ్లని పోగొట్టుకుని తాము మాత్రం బయటపడ్డవాళ్లకి కౌన్సెలింగ్ చేయడం నా పని. చుట్టూ ఉన్నవాళ్లు మంచి మనసుతోనే కొన్ని మాటలంటారు, అవి ఎక్కడ గుచ్చుకుంటాయో వాళ్లకి తెలీదు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ప్రాణాలు దక్కాయి, అదృష్టవంతులు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా వాళ్ల బుర్రలో తిరిగేది ఒకటే, మరి వాళ్లెందుకు పోయారు, నేనెందుకు మిగిలాను అని. తమ్ముడి చెయ్యి వదిలేశాను, అటు పరిగెత్తమన్నది నేనే, ఇలా ఉంటాయి వాళ్ల లెక్కలు. "నీ తప్పేం లేదు" అనేస్తే పోయేది కాదండీ ఇది. ఇందులో ఒక మెలిక ఉంది, తప్పు నాదే అనుకుంటే నా చేతిలో ఏదో ఉండేదన్నమాట, అసలేమీ లేదు అని ఒప్పుకోవడం అంతకంటే భయంగా ఉంటుంది. అందుకే మేం వాదించం, ఆ నిమిషంలో నీకేం తెలుసు, టైం ఎంతుంది, తుపాకీ ఎవరి చేతిలో ఉంది అని మెల్లగా ఒక్కొక్కటీ అడుగుతాం.

అపోహ: జరిగిందంతా వెంటనే చెప్పించేస్తే బరువు దిగిపోతుంది.

వాస్తవం: ఒకప్పుడు మా ఫీల్డులో కూడా ఇలాగే అనుకుని, ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి ఒకే సిట్టింగులో మొత్తం చెప్పించేవాళ్లు. దాంతో పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక ఆ జ్ఞాపకాలు, భయం వదలకుండా వెంటాడే మానసిక సమస్య) ఆగట్లేదని తర్వాత తేలింది, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే అంటోంది. మొదటి నెలలో బెంజోడయజపైన్ అనే రకం మత్తు మాత్రలు కూడా ఇవ్వొద్దని ఆ సంస్థ 2013 గైడ్‌లైన్స్‌లో ఉంది. ముందు కావాల్సింది పడుకోడానికి భయంలేని చోటు, మిగతావాళ్లు ఎక్కడున్నారో కబురు. చెప్తే వినండి, గుచ్చిగుచ్చి అడక్కండి (కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకైతే ఇది రెండుసార్లు చెప్పాలి).

అపోహ: శవం దొరక్కపోతే ఏం, పోయారని తెలుసు కదా.

వాస్తవం: ఇది వింటే నాకు కోపమొస్తుంది. బోస్నియాలోని స్రెబ్రెనిత్సా సంగతి చూడండి, 1995 జూలైలో 8,000 మందికి పైగా బోస్నియాక్ (బోస్నియా ముస్లిం) మగవాళ్లని, కుర్రాళ్లని చంపేశారు, తర్వాత సాక్ష్యం దొరక్కూడదని ఆ సామూహిక సమాధుల్ని యంత్రాలతో తవ్వి వేరే చోట్లకి తరలించారు, దాంతో ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో తేలాయి. బతికున్న బంధువుల రక్తం తీసుకుని డీఎన్ఏ పోల్చి దాదాపు 7,000 మందిని గుర్తించారు. అయితే చాలా ఇళ్లకి వచ్చిన కబురు మనిషి దొరికాడని కాదు, కొన్ని ఎముకలు దొరికాయని. వాటినే ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్నది ఆ తల్లే తేల్చుకోవాలి. కొత్తగా గుర్తించినవాళ్లని ఏటా జూలై 11న స్రెబ్రెనిత్సా దగ్గర పోటోచారిలో ఉన్న స్మారక శ్మశానంలో ఖననం చేస్తారు. అదీ లేనివాళ్లకి తలుపు చప్పుడైతే వాడేనేమో అన్న ఆశ చావదు, దాన్ని పిచ్చి అనొద్దు.

అపోహ: ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్తున్నారంటే అబద్ధమే.

వాస్తవం: ఏది ముందు ఏది తర్వాత, ఎంతమంది వచ్చారు, ఇవి తారుమారవడం మామూలే. పీటీఎస్‌డీ ఉన్న మనిషి కూడా నమ్మదగ్గ సాక్షి కావచ్చని యుగోస్లావియా యుద్ధ నేరాల్ని విచారించిన హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ 1998లోనే ఒక తీర్పులో చెప్పింది.

అపోహ: దోషులకి శిక్ష పడితే మనశ్శాంతి వచ్చేస్తుంది.

వాస్తవం: రువాండాలో 1994 మారణహోమం కేసుల్ని గచాచా అనే స్థానిక కోర్టుల్లో, ఊరి జనం ముందే విచారించారు, 2012లో మూసేసేసరికి దాదాపు 19 లక్షల కేసులు. తమవాళ్లని ఎక్కడ పడేశారో కొందరికి అక్కడే తెలిసింది, అది చిన్న సంగతేం కాదు. కానీ అందరి ముందూ మళ్లీ చెప్పాల్సొచ్చి కుంగిపోయినవాళ్లూ ఉన్నారు, చంపినవాడు జైలు నుంచి వచ్చి అదే ఊళ్లో కాపురముంటే రోజూ మొహం చూడాల్సినవాళ్లూ ఉన్నారు. శిక్ష పడాల్సిందే, దుఃఖం సంగతి వేరే. ఇక "క్షమించెయ్" అనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

అపోహ: ఏడాది దాటినా ఏడుస్తున్నారంటే జబ్బే.

వాస్తవం: ఆరు నెలలు దాటాక ప్రొలాంగ్డ్ గ్రీఫ్ (ఎంతకీ తగ్గని దుఃఖం) అనే డయాగ్నోసిస్ ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఉంది నిజమే, కానీ ఏడుపొక్కటే చూసి తేల్చేది కాదు, రోజువారీ బతుకు ఆగిపోయిందా అన్నది చూస్తాం. చాలామంది మా అవసరం లేకుండానే నిలదొక్కుకుంటారు.

అపోహ: పిల్లలకి చెప్పకపోతేనే మంచిది.

వాస్తవం: "అమ్మ ఊరెళ్లింది" అంటే వాడు ఎదురుచూస్తాడు, రాకపోతే నా మీద కోపమొచ్చి వెళ్లిపోయిందేమో అనుకుంటాడు. చనిపోయింది, మళ్లీ రాదు, నువ్వు చేసిందేదీ దీనికి కారణం కాదు, నేను నీ దగ్గరే ఉంటా అని చిన్న మాటల్లో, వాడికి బాగా చనువున్న మనిషి చెప్పాలి. అదే ప్రశ్న మళ్లీమళ్లీ అడుగుతాడు, అడిగినన్నిసార్లూ అదే జవాబు చెప్పండి.