గుట్టను తొలవని ఇళ్లు

టర్కీలోని కప్పడోసియాలో జనం వందల ఏళ్లు రాతిలోనే కాపురాలు చేశారు. గదులు, మెట్లు, పశువుల కొట్టాలు, చర్చిలు అన్నీ తొలిచినవే. అక్కడి డెరింకుయు భూగర్భ పట్టణం సుమారు 85 మీటర్ల లోతు దాకా దిగుతుంది. హనుమకొండ చుట్టూ మనకూ గుట్టలకు కొదవ లేదు. మరి మన పెద్దలు వాటిలో ఇళ్లు ఎందుకు తొలవలేదు?

మొదట చూడాల్సింది రాయినే. కప్పడోసియాది అగ్నిపర్వతాల బూడిద పేరుకుని గట్టిపడిన టఫ్ అనే మెత్తటి రాయి. మామూలు పనిముట్లకే లొంగుతుంది. మనది గ్రానైట్. దానిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఇనుము కన్నా గట్టిది. అయినా తొలవడం అసాధ్యమేమీ కాదు. బీహార్‌లోని బరాబర్ గుహలను క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో, అశోకుడి కాలంలో, గ్రానైట్‌లోనే తొలిచి లోపలి గోడలను అద్దంలా నునుపు చేశారు. కాకపోతే అది రాజు తలుచుకుంటే అయ్యే పని. వ్యవసాయం చూసుకుంటూ ఒక రైతు కుటుంబం చేసుకోగలిగేది కాదు. మన పద్మాక్షి గుట్ట మీద కూడా ఉలి జైన విగ్రహాలు చెక్కింది గానీ కాపురానికి గదులు తొలవలేదు.

గ్రానైట్‌ను తొలవడం కష్టమే గానీ చీల్చడం తేలిక. రాయి ఎంత బరువైనా మోస్తుంది, కానీ రెండు పక్కలకూ లాగితే అందులో పదోవంతు బలానికే విడిపోతుంది. వడ్డెర పనివాళ్లకు ఈ గుట్టు తరతరాలుగా తెలుసు. వరుసగా గుంటలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు పెట్టి సమ్మెటతో కొడుతూ పోతే, బండ ఆ గీత వెంటే పగులుతుంది. ఓరుగల్లు కోట లోపలి గోడలో సున్నం లేకుండా పేర్చిన రాళ్లను చూస్తే ఆ చేతుల మీద గౌరవం పెరుగుతుంది.

భూపాలపల్లి వైపు వెళ్తే రాయే మారిపోతుంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్ట ఇసుకరాయి. గాలీ నీరూ కలిసి దాన్ని తొలిచేశాయి. ఆ నీడన తలదాచుకున్న ఆదిమానవులు గోడల మీద బొమ్మలు గీశారు.

ఇక వేడి సంగతి. పగటి ఎండ ప్రభావం బండలో అర మీటరు దాటితే దాదాపు తెలియదు. పది మీటర్ల లోతులో ఎండాకాలానికీ చలికాలానికీ తేడా కూడా పెద్దగా ఉండదు, ఏడాది సగటు వేడే నిలుస్తుంది. మంచు కురిసే కప్పడోసియాకు అది వరం. వరంగల్‌లో ఆ సగటు 27 డిగ్రీల పైమాటే. మే నెలలో అదీ హాయే, కానీ గాలి ఆడని గదిని వానాకాలంలో చెమ్మ వదలదు.

అంతకన్నా తక్కువ కష్టంతో మట్టిగోడ ఆ పని చేసింది. మూరెడు మందం గోడలో మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అదీ చాలావరకు తగ్గిపోయి. ఆ పాటికి బయట చల్లబడి ఉంటుంది, తలుపులు తీస్తే చాలు. గూనపెంకుల కింద అటక ఉంటే పైనుంచి వచ్చే వేడి కూడా ఆగుతుంది. ఇప్పుడు అలాంటి ఇళ్లను కూల్చి ఐదంగుళాల స్లాబ్ వేస్తున్నాం. ఆ మందాన్ని ఎండ మూడు నాలుగు గంటల్లోనే దాటేస్తుంది, సాయంత్రానికల్లా గదిలోకి దిగి, మనం అన్నం తిని పడుకునే వేళకూ వదలదు.