సున్నా చెరిగితే పనైపోయినట్టేనా?

బీచ్ రోడ్డులో పొద్దున్నే పరుగు ముగించి టీ తాగుతూ, రాత్రి లండన్‌లోనో లాస్ వెగాస్‌లోనో జరిగిన బౌట్ గురించి వాదించుకునే కుర్రాళ్లను విశాఖలో చాలాసార్లు చూశాను. పైకొస్తాడనుకున్న బాక్సర్ ఎవరికీ తెలియని ప్రత్యర్థితో ఎనిమిది రౌండ్లూ ఆడి, పాయింట్ల మీద గట్టెక్కితే చాలు. తీర్పు వచ్చేస్తుంది: "వీడి పని అయిపోయిందిరా." గెలిచినవాడి గురించే ఈ మాట! ఆ కుర్రాళ్లలో కొందరు తామే గ్లవ్స్ కట్టుకునేవాళ్లు. అందుకే నాకు మరీ బాధ.

ఈ తొందర మొదటి నుంచీ ఉన్నది కాదు. అమెరికన్ బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ 1943 ఫిబ్రవరి 5న జేక్ లామోటా చేతిలో ఓడాడు. ప్రొఫెషనల్‌గా అతనికదే తొలి ఓటమి. అదే నెలలో మరో రెండు బౌట్లు ఆడాడు. రెండోది మళ్లీ లామోటాతోనే, ఈసారి గెలిచాడు. అప్పట్లో బాక్సర్లు నెలకు రెండు మూడుసార్లు రింగులోకి దిగేవారు. అన్నిసార్లు ఆడేవాడికి ఒక చెడ్డ రాత్రి రావడం మామూలే.

తర్వాత బౌట్లు తగ్గాయి, టీవీ డబ్బు పెరిగింది. ఓటమి గడిలో సున్నా ఉన్న రికార్డు అమ్ముడుపోయే సరుకైంది. ఫ్లాయిడ్ మేవెదర్ 2017లో 50 విజయాలు, సున్నా ఓటములతో ముగించాక ఆ సున్నా మీద మోజు ఇంకా పెరిగింది. ఇప్పుడు పైకొచ్చే బాక్సర్ ఏడాదికి నాలుగైదుసార్లు కనిపిస్తే ఎక్కువ. కనిపించిన ప్రతిసారీ పరీక్షే.

ఇక ఆ "ఎవరికీ తెలియని ప్రత్యర్థి" సంగతి. బ్రిటన్‌లో పీటర్ బక్లీ అని ఒకాయన 300 బౌట్లు ఆడి 256 ఓడిపోయాడు. రికార్డు చూస్తే నవ్వొస్తుంది. కానీ అలాంటివాళ్లను జర్నీమన్ అంటారు, వాళ్లది నిజమైన పనితనం. దెబ్బ తగలకుండా ఒదగడం, పట్టేసుకోవడం, కుర్రాడి లయ చెడగొట్టడం వాళ్లకు తెలుసు. ఎవరికి ఎవరితో బౌట్ పెట్టాలో చూసే మ్యాచ్‌మేకర్ వాళ్లను పిలిచేదీ అందుకే. ఒక్క రౌండులో పడగొడితే కుర్రాడు నేర్చుకునేది ఏముంది? అమెచ్యూర్‌లో, అంటే పతకాల కోసం ఆడే పోటీల్లో, మూడు రౌండ్లలో ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఆడినవాడు, ఆరు, ఎనిమిది రౌండ్లకు ఊపిరి దాచుకోవడం ఇలాంటివాళ్ల మీదే నేర్చుకుంటాడు. నేర్చుకునేవాడు తడబడతాడు.

తర్వాత మహమ్మద్ అలీగా పేరు మార్చుకున్న కాసియస్ క్లేని చూడండి. 1962 ఫిబ్రవరిలో సోనీ బ్యాంక్స్ మొదటి రౌండులోనే అతన్ని కింద పడేశాడు. 1963 మార్చిలో డగ్ జోన్స్ మీద పది రౌండ్లు కష్టపడి గెలిస్తే న్యూయార్క్ జనం గేలి చేశారు. జూన్‌లో లండన్‌లో హెన్రీ కూపర్ ఎడమ హుక్‌కి (పక్క నుంచి తిప్పి కొట్టే దెబ్బకి) మళ్లీ కింద పడ్డాడు, గంట మోగి బయటపడ్డాడు. 1964 ఫిబ్రవరిలో అప్పటి హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ సోనీ లిస్టన్‌తో బౌట్ ముందు 46 మంది క్రీడా రచయితల్లో 43 మంది లిస్టనే గెలుస్తాడన్నారు. వాళ్లు చూసినవన్నీ నిజమే: గడ్డం పైకెత్తి వెనక్కి వాలుతాడు, ఎడమ హుక్‌కి దొరుకుతాడు. పడ్డాక లేచి ఏం చేశాడన్నది మాత్రం లెక్కలో వేసుకోలేదు. బ్యాంక్స్‌ని నాలుగో రౌండులో, కూపర్‌ని ఐదో రౌండులో ముగించింది అతనే. చివరికి లిస్టన్ ఏడో రౌండుకి స్టూలు మీంచి లేవలేదు.

అలాగని అభిమానుల కన్ను ఎప్పుడూ తప్పని అనను. బ్రిటిష్ బాక్సర్ అమీర్ ఖాన్ 2008 సెప్టెంబరులో బ్రీడిస్ ప్రెస్కాట్ చేతిలో 54 సెకన్లలో నాకౌట్ అయ్యాడు. గడ్డం బలహీనం, అంటే అక్కడ దెబ్బ తగిలితే తట్టుకోలేడు అన్నారు. 2012లో డానీ గార్సియా, 2016లో కనెలో అల్వారెజ్ అదే రుజువు చేశారు. కానీ "ఇక ఛాంపియన్ కాలేడు" అన్నదీ అప్పుడే. ప్రెస్కాట్ దెబ్బకి ఏడాది తిరక్కముందే, 2009 జులైలో, ప్రపంచ టైటిల్ గెలిచాడు. లోపం పట్టుకోవడంలో గురి కుదిరింది, దాన్ని బట్టి జాతకం చెప్పడంలో తప్పింది.

మన ఊరికి ఇదంతా మరీ దగ్గరి విషయం. నగిశెట్టి ఉష 2008 ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చిన ఊరు ఇది. ఇక్కడ బాక్సింగ్ అంటే అమెచ్యూర్ బాక్సింగే. చీటీ తీసే డ్రాలో ఎవరు వస్తే వాళ్లతో ఆడాలి, ఎంచుకునే ప్రమోటర్ ఉండడు. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య గ్రహీత వెంకటేశ్వరరావు గారి దగ్గర రాటుదేలి, 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచింది. తర్వాత 2017లో భుజం గాయం. 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓటమి. ఆ స్కోరు ఒక్కటే చూసినవాళ్లకు కథ ముగిసినట్టే అనిపించి ఉంటుంది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. ఫైనల్లో న్యాయనిర్ణేతలు ఐదుగురూ ఆమెకే ఓటేశారు.