దసరా దాటాక ఎటు పోదాం?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. జనం తక్కువగా ఉండి, చూడ్డానికి బాగుండి, రెండు రోజులు నెమ్మదిగా కూర్చోవడానికి వీలైన చోటు చెప్పమని అడిగారు. ఊటీ, అరకు అని పేర్లు కూడా మీరే రాశారు. అంత దూరం ఎందుకురా? మన పాలమూరు, నల్లగొండ వైపే రండి. పాలమూరు అనగానే కరువు, వలస అని వింటూ పెరిగారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆశ్వయుజం, కార్తీకాల్లో ఈ నేలను చూడనివాళ్లకు దాని సగం ముఖమే తెలుసు.

ఈ కాలమే ఎందుకంటే, అక్టోబరు మొదటి పక్షం నాటికి నైరుతి రుతుపవనాలు మన దగ్గర వెనక్కి తగ్గుతాయి. గాలిలో దుమ్మును వానలు అప్పటికే కడిగేసి ఉంటాయి. అందుకే దూరపు గుట్టలు కూడా గీత గీసినట్టు కనిపిస్తాయి. దారి పొడుగునా తంగేడు పసుపుపచ్చగా, గునుగు తెల్లగా పూసి ఉంటుంది. బాలానగర్ వైపు రోడ్ల మీద సీతాఫలం గంపలు దిగుతాయి. సీతాఫలంలో 'బాలానగర్' అనే రకానికి ఆ పేరు వచ్చింది మన ఊరి నుంచే. మెత్తబడ్డ కాయలు కొనకండి, దారిలోనే చితికిపోతాయి. కళ్లు విచ్చుకున్న గట్టి కాయలు తీసుకుంటే రెండు రోజులకు పండుతాయి.

నా మాట వింటే ముందు సోమశిలకు రండి. కొల్లాపూర్ దాటితే కృష్ణ ఒడ్డున ఉంటుంది. అక్కడ కనిపించేది శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు. ఆ నీళ్లన్నీ మన వానలవని అనుకోకండి. మహాబలేశ్వరం కొండల్లో కురిసిన వాన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల ఆనకట్టలు దాటుకుని వస్తుంది. దారిలో తుంగభద్ర కూడా వచ్చి కలుస్తుంది. అందుకే ఇక్కడ చినుకు లేని ఏడు కూడా సోమశిల ముందు నీళ్లు నిండుగా నిలవవచ్చు. వరద కొత్తలో నీళ్లు ఎర్రగా ఉంటాయి. ప్రవాహం ఆగాక మట్టి మెల్లగా అడుగుకు చేరి, దసరా దాటేసరికి తేటపడతాయి.

పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి పుట్టి అనే చిన్న పడవను దగ్గర నుంచి చూడండి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసి ఉంటుంది. దానికి ముందూ వెనకా లేదు. కొత్తవాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. చేపలు పట్టేవాళ్లు ఒక అంచున కూర్చుని, తెడ్డును ఎదర నీళ్లలో ఇటూ అటూ తిప్పుతూ తిన్నగా పోతారు. వల తీసి వచ్చేవాళ్లను ఆపి ఫోటోలు అడగకండి, అది వాళ్లు పనిచేసే వేళ. చేపలు దింపుకున్నాక పలకరిస్తే వాళ్లే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఆ నీళ్ల గురించి ఇంకో మాట చెప్పాలి. శ్రీశైలం ప్రాజెక్టు కింద అటు కర్నూలు, ఇటు పాలమూరు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. మా అమ్మ పుట్టిల్లు అందులో ఒకటి. సోమశిలలో మీరు చూసే గుళ్లు కూడా మొదట అక్కడివి కావు. మునిగిపోకుండా రాళ్లు విప్పి, పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. జటప్రోలు గుళ్లదీ అదే కథ. గుళ్లను తెచ్చినంత జాగ్రత్తగా మనుషుల్ని తేలేదని ఆ ఊళ్లవాళ్లు ఇప్పటికీ అంటారు, నేనూ అంటాను. ఎదురు ఒడ్డు వైపు సంగమేశ్వరంలో వేప మొద్దు లింగమున్న గుడి ఒకటి ఉంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గితేనే బయటపడుతుంది. మీరు వచ్చే నాటికి నీళ్లలోనే ఉంటుంది. ఆ నీళ్ల మీద పడవలో పోతున్నప్పుడు స్పీకర్ పెట్టి పాటలు మోగించకండి. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకండి, ఒడ్డున ఈతకు దిగకండి. పైకి చదునుగా కనిపించే చోటే బురద ఉంటుంది, పక్క అడుగులో లోతు ఉంటుంది.

అడవి కావాలంటే మన్ననూరు మీదుగా నల్లమల. ఫరహాబాద్ దగ్గర అంచున నిలబడితే కంటికి ఆనినంత మేరా అడవే. మల్లెలతీర్థం జలపాతానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు మోకాళ్లు మాట్లాడతాయి, నీళ్ల సీసా ఉంచుకోండి. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లను వదలరు, ఆ వేళ చూసుకుని బయల్దేరండి. లోపల పెంటలనే చిన్న గూడేల్లో చెంచులు ఉంటారు. పిలవకుండా వాళ్ల గుడిసెల్లోకి తొంగి చూడకండి. తేనె అమ్మితే బేరమాడకుండా కొనండి. ఆ తేనె కోసం కొండ అంచున తాడు పట్టుకుని వేలాడతారు వాళ్లు.

నాగార్జునసాగర్ గురించి కూడా అడిగారు. గేట్లు ఎత్తిన రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. మామూలు రోజున వెళ్తే 274 ఎకరాల బుద్ధవనంలో తీరిగ్గా తిరగవచ్చు. అలంపురంలో తుంగభద్ర ఒడ్డున చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. వాటికి ఒక పూట చాలదు, విడిగా రాస్తాను.

నల్లగొండ మీదుగా వస్తే మాత్రం పానగల్లులో ఆగకుండా రావద్దు. నల్లగొండ పట్టణం పక్కనే ఉన్నా ఛాయా సోమేశ్వరాలయంలో చాలా పూటలు పూజారి, ఒకరిద్దరు భక్తులే కనిపిస్తారు. కుందూరు చోడుల కాలపు గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలితే నీడ కదలాలి కదా అని అడుగుతారు. నేరుగా పడే ఎండ నీడైతే కదిలేది. ఇక్కడ బయట తగిలి చెదిరిన వెలుగు పక్క ఖాళీల్లోంచి స్తంభాల మధ్యగా లోపలికి వస్తుంది. ఆ వెలుగు వచ్చే దారి రోజంతా ఒకటే, కాబట్టి నీడ చోటూ ఒకటే. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా గడప దగ్గర కాసేపు ఆగండి, అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పచ్చల సోమేశ్వరానికి వెళ్లి, గోడల మీది శిల్పాలు ఒక్కొక్కటే చూసుకుంటూ చుట్టూ తిరగండి. సాయంత్రానికి ఉదయసముద్రం కట్ట మీదికి చేరుకుంటే సరిపోతుంది.

ఎప్పుడు రావాలంటే, బతుకమ్మ తొమ్మిది రోజులు ఊరంతా పండగే, అప్పుడు ఆడుకోవడానికి రండి, ఏకాంతానికి కాదు. కార్తీకంలో సోమవారాలు, పౌర్ణమి నాడు శివాలయాలన్నీ కిక్కిరిసి ఉంటాయి. దసరా అయ్యాక దీపావళి లోపు, మంగళ, బుధ, గురువారాల్లో రండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని రేడియోలో చెబితే మాత్రం వారం ఆగండి. ఆ కాలపు తుఫాను వానలు రెండు మూడు రోజులు పట్టుకుంటాయి, నల్లమల వాగులు ఒక్క రాత్రిలో పొంగుతాయి.

బయల్దేరే రోజు ముందుగా రాయండి, మన్ననూరులో గది చూసి పెడతాను. అక్కడ తెల్లవారుజామున చలి ఉంటుంది, చిన్నదానికి ఉన్ని టోపీ మరిచిపోకండి.

మీ తాత