నూనె తొట్టిలో మైనింగ్ యంత్రం: వేడి చివరికి ఎక్కడికి పోవాలి?

బిట్‌కాయిన్ మైనింగ్‌కు, అంటే కంప్యూటర్ లెక్కలతో బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలను సంపాదించే పనికి వాడే యాంట్‌మైనర్ ఎస్‌19 సుమారు 40 సెంటీమీటర్ల పొడవుండే లోహపు పెట్టె. అది రాత్రింబవళ్లు 3,250 వాట్ల విద్యుత్తును లాగుతూనే ఉంటుంది. అందులో బిట్‌కాయిన్ రూపంలో నిల్వ ఉండే శక్తి ఏమీ లేదు; చిప్పుల్లోని ట్రాన్సిస్టర్ల గుండా పోయిన విద్యుత్తంతా వేడిగానే బయటపడుతుంది. రోజుకు 78 యూనిట్లు కరెంటుగా లోపలికి వెళ్లి 78 యూనిట్లూ వేడిగా గదిలోకి వస్తాయి. ఒక టన్ను ఏసీ గంటకు తోడిపారేయగల వేడి సుమారు మూడున్నర యూనిట్లు కాబట్టి, తలుపులు మూసిన గదిలో ఈ యంత్రం ఒక్కదాని కోసమే ఒక ఏసీ ఆగకుండా నడవాలి. దాని కరెంటు ఖర్చు అదనం. దీనికి తోడు 75 డెసిబెళ్ల దాకా మోత చేసే ఫ్యాన్లు ఉంటాయి. ఇంట్లోనో గ్యారేజీలోనో ఒకటి రెండు యంత్రాలు పెట్టుకున్న చిన్న మైనర్లు ఇమ్మర్షన్ కూలింగ్ వైపు, అంటే యంత్రాన్ని ఏకంగా నూనెలో ముంచే పద్ధతి వైపు చూడటానికి ఖర్చు ఎంత కారణమో ఈ మోత కూడా అంతే కారణం.

విద్యుత్ పరికరాన్ని నూనెలో ముంచడం కొత్త ఆలోచనేమీ కాదు. మన ఊళ్లలో పొలం గట్టున స్తంభాల మీద కనిపించే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉన్నది నూనెలో మునిగిన తీగచుట్టలే. విద్యుత్తును పోనివ్వకుండా వేడిని మాత్రం మోసుకుపోవడం ఆ నూనె పని. కంప్యూటర్ల రంగంలో 1985లో వచ్చిన క్రే‌-2 సూపర్ కంప్యూటర్‌ను ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచే నడిపారు.

గాలికి, నూనెకు మధ్య తేడా ఎంతో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.2 జౌళ్లు చాలు. ఒక లీటరు ఖనిజ నూనెకు దాదాపు 1,700 జౌళ్లు కావాలి. ఎస్‌19 వదిలే వేడిని, వేడిని మోసే పదార్థం పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా తీసుకుపోవాలంటే సెకనుకు 270 లీటర్ల గాలిని తోయాలి. అదే పనికి నూనె నిమిషానికి పన్నెండు లీటర్ల లోపే ప్రవహిస్తే సరిపోతుంది. అంత చిన్న ప్రవాహాన్ని చప్పుడు పెద్దగా లేని మామూలు పంపు నడపగలదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. నూనె వేడిని మాయం చేయదు, మోస్తుంది అంతే. 50 లీటర్ల నూనెలో యంత్రాన్ని ముంచి, ఆ నూనెను చల్లబరిచే ఏర్పాటు ఏదీ చేయకుండా వదిలేస్తే, ప్రతి 26 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతూ 30 డిగ్రీల నూనె 22 నిమిషాల్లో 80 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి అసలు శీతలీకరణ జరిగేది తొట్టిలో కాదు, తొట్టి బయట, ఆరుబయట పెట్టిన రేడియేటర్‌లో. పంపు వేడి నూనెను నేరుగా రేడియేటర్‌కు పంపవచ్చు. లేదా మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ పెట్టి ఆ వేడిని నీటికి అప్పగించి, నీటినే బయటికి తిప్పవచ్చు. తొట్టి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా రేడియేటర్ పరిమాణం మీద పెట్టని కొనుగోలుదారులు వేసవి రాగానే ఇబ్బంది పడతారు.

రేడియేటర్ ఎంత పెద్దదైనా నూనెను బయటి గాలి కన్నా చల్లగా చేయలేదు. హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే, తిరిగి తొట్టిలోకి వచ్చే నూనె 50 డిగ్రీలు దాటే ఉంటుంది. అయినా భయం లేదు. చిప్పులు అంతకన్నా బాగా వేడిగా ఉండీ పని చేయగలవు కాబట్టి, ఆ నూనెతోనూ ఏసీ అవసరం లేకుండా యంత్రం నడుస్తుంది. ఎడారి వేడిలో ఈ పద్ధతికి గిరాకీ రావడానికి కారణం ఇదే. మరాథన్ డిజిటల్, జీరో టూ సంస్థలు కలిసి అబుదాబిలో 250 మెగావాట్ల మైనింగ్ కేంద్రాలను నెలకొల్పుతున్నట్లు 2023లో ప్రకటించినప్పుడు ఎంచుకున్నది ఇమ్మర్షన్ పద్ధతినే. రేడియేటర్ మీద నీరు చల్లి ఆవిరి చేస్తే ఇంకా చల్లబరచవచ్చు. కానీ ఒక్క ఎస్‌19 వేడిని పూర్తిగా ఆవిరి ద్వారానే వదిలించుకోవాలంటే రోజుకు సుమారు 115 లీటర్ల నీరు పోతుంది. పైగా గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో నీరు అంత సులువుగా ఆవిరి కాదు.

ఇక ద్రవం సంగతి. ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది నూనె నూనెగానే ఉండి తిరిగే పద్ధతి. రెండోది చిప్ మీదే మరిగి, ఆవిరై, పైన ఉన్న చల్లని గొట్టాలకు తగిలి మళ్లీ ద్రవమై పడే పద్ధతి. రెండోదానికి 61 డిగ్రీల వద్ద మరిగే నోవెక్ 7100 వంటి ఫ్లోరిన్ ద్రవాలు కావాలి. చూడటానికి అదెంత ముచ్చటగా ఉన్నా, ద్రవం ఖరీదు ఎక్కువ, మూత తీసిన ప్రతిసారీ కొంత ఆవిరైపోతుంది, పర్యావరణంలో ఏళ్ల తరబడి నిలిచిపోయే పీఫాస్ రసాయనాల కోవలోకి వస్తుంది. ఆ రసాయనాల తయారీని 2025 చివరికల్లా మానేస్తామని నోవెక్ తయారీదారైన 3ఎం సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. చిన్న మైనర్ దీని జోలికి పోకపోవడమే మేలు. అతనికి మిగిలేవి శుద్ధి చేసిన ఖనిజ నూనె, లేదా ఈ పనికోసమే తయారయ్యే కృత్రిమ నూనెలు. వంటనూనె గాలి తగిలి చిక్కబడి జిగురుగా మారుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రసాయనాలు ఎలక్ట్రానిక్ బోర్డుల కోసం ఉద్దేశించినవి కావు. ఏ నూనె కొన్నా దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకోగల ఉష్ణోగ్రత ఎంతో చూసుకుని కొనాలి.

యంత్రాన్ని సిద్ధం చేయడంలో చిన్న చిన్న చిక్కులు చాలా ఉన్నాయి. ముందుగా ఫ్యాన్లు తీసేయాలి. ఫ్యాన్ తిరగడం లేదని తెలియగానే యంత్రం ఆగిపోతుంది కాబట్టి, తిరుగుతున్నట్లు సంకేతమిచ్చే చిన్న పరికరాన్నో, ఇమ్మర్షన్‌కు తగిన ఫర్మ్‌వేర్‌నో (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) పెట్టాలి. పవర్ సప్లైని కూడా ఫ్యాన్ తీసి ముంచాల్సిందే. చిప్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ (హీట్‌సింక్) కింద, వేడి బాగా అందడానికి పూసిన థర్మల్ పేస్టు కాలక్రమేణా నూనెలో కరిగి కొట్టుకుపోతుంది, అందుకే కొందరు దాని స్థానంలో ఇండియం అనే లోహపు పలుచని రేకు వాడతారు. పీవీసీ తీగల తొడుగుల్లోని మెత్తదనమిచ్చే పదార్థాన్ని నూనె లాగేయడంతో అవి గట్టిపడి పెళుసవుతాయి. అన్నిటికన్నా విసిగించేది నెట్‌వర్క్ కేబుల్: దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, కేబుల్ లోపలి సన్నని సందుల గుండా నూనె పైకి పాకి, తొట్టి అంచు దాటి, అవతలి కొసన ఉన్న రౌటర్ మీద చుక్కలుగా పడుతుంది. నూనెను తొట్టి అంచుదాకా నింపకూడదు కూడా. 50 లీటర్ల నూనె 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు లీటర్లు ఉబ్బుతుంది. పంపు ఆగిపోతే యంత్రానికి కరెంటు దానంతటదే తెగిపోయే ఏర్పాటు లేకుండా, పైన చెప్పిన 22 నిమిషాల లెక్క తెలిసిన వారెవరూ రాత్రి నిద్రపోలేరు.

లాభనష్టాల దగ్గరికి వస్తే, నూనెలో ముంచితే యంత్రాన్ని మరింత వేగంగా నడపవచ్చన్నది అమ్మకందారులు తరచూ చెప్పే మాట. అది నిజమే, కానీ చిప్ తినే విద్యుత్తు దాని వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) బట్టీ పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వస్తే కరెంటు ఖర్చు సుమారు 45 శాతం పెరుగుతుంది. ఇదే సూత్రాన్ని తిప్పి చూడండి: వేగం 20 శాతం, వోల్టేజీ 10 శాతం తగ్గిస్తే 3,250 వాట్ల యంత్రం 2,100 వాట్ల దగ్గర ఆగుతుంది, ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తాయి. గృహ వినియోగ ధరకు కరెంటు కొనేవారికి తొట్టి కన్నా ముందు ప్రయత్నించదగినది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికి పైసా పెట్టుబడి అక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో మైనర్లకు ఒక్కో బ్లాకుకు (లావాదేవీల కట్టకు) దక్కే కొత్త బిట్‌కాయిన్లు 6.25 నుంచి 3.125కు తగ్గిపోయాయి. మన దేశంలోనైతే 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ ఏర్పాట్లకైన ఖర్చును కొనుగోలు ఖర్చుగా చూపించే వీలు లేదు. అంటే తొట్టి, నూనె, రేడియేటర్ల ఖరీదంతా పన్ను లెక్కకు అందకుండా సొంత జేబులోంచి పోయేదే.

చలి దేశాల్లో లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ తొట్టి నుంచి వచ్చే 50 డిగ్రీల వేడికి విలువుంది. నేల కింది గొట్టాల్లోకి, ఈతకొలనులోకి దాన్ని పంపితే శీతాకాలంలో హీటర్ బిల్లు తగ్గుతుంది. మనకు ఆ అవకాశం లేదు, ఏడాదిలో ఎక్కువ కాలం వేడిని వదిలించుకోవడమే పని.

తొట్టి కొనేముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఒకసారి నూనెలో మునిగిన యంత్రాన్ని మళ్లీ ఫ్యాన్లతో గాలిలో నడపడం కష్టం. ఎంత కడిగినా హీట్‌సింక్ రేకుల మధ్య మిగిలిన నూనె పొరకు దుమ్ము అతుక్కుని గాలి దారులు మూసుకుపోతాయి. అందువల్ల ఆ యంత్రాన్ని అమ్మాలన్నా, తొట్టి ఉన్నవారికే అమ్మాల్సి వస్తుంది.