ఊళ్లో మూడు రోజులు చక్రాల మీద: గుంపు స్కేటింగ్ అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్‌లో వేసవిలో జరిగే బిగ్ యాపిల్ రోల్ లాంటి మూడు రోజుల వారాంతపు గుంపు స్కేటింగ్ యాత్ర అనగానే, చిన్నప్పుడు హైదరాబాద్ ఇందిరా పార్కు రింకులోనో విశాఖ వుడా పార్కులోనో చక్రాలు తిప్పినవాళ్లకి ధైర్యం ఎక్కువ. అమెరికా వచ్చాక ముప్పై దాటి నేర్చుకున్నవాళ్లకి భయం ఎక్కువ. ఆ ధైర్యమూ ఈ భయమూ రెండూ దూరం గురించే ఉంటాయి. చూసుకోవాల్సింది దూరం కాదు.

అపోహ: ముప్పై కిలోమీటర్లు తొక్కే దమ్ముంటే చాలు.

దమ్ము సంగతి తేలిక. గంటకి 15 కిలోమీటర్ల చొప్పున పోయే గుంపులో ముప్పై కిలోమీటర్లంటే చక్రాల మీద రెండు గంటలు, మధ్యలో ఆగడాలతో కలిపి మూడు గంటలు. వారానికి రెండుసార్లు గంటన్నర తిరిగేవాళ్లకి అది పెద్ద పని కాదు. గుంపులో ఇబ్బంది పడేది, పక్కవాళ్లని ఇబ్బంది పెట్టేది ఆగడం రానివాళ్లు.

వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పది కిలోమీటర్ల వేగంలో చక్కగా ఆగే మనిషి వంతెన దిగుతూ ఇరవైకి చేరగానే చేతులెత్తేసేది అందుకే. న్యూయార్క్ తీరప్రాంతమే అయినా సాపు నేల కాదు. మాన్‌హటన్ నుంచి బ్రూక్లిన్ వెళ్లాలంటే వంతెన ఎక్కాలి, ఎక్కినదంతా దిగాలి. దిగుడు చివర సిగ్నలో, మలుపో, సైకిళ్లో ఎదురవుతాయి. సెంట్రల్ పార్కు చుట్టు దారి సుమారు 9.8 కిలోమీటర్లు. దాని ఉత్తర కొసన ఒక దిగుడు, దిగుతుండగానే ఎడమకి మలుపు, ఆ వెంటనే హార్లెమ్ హిల్ ఎక్కుడు. దిగుడులో పక్కవాళ్లకి తగలకుండా వేగాన్ని అదుపులో పెట్టుకోగలిగితే మీరు గుంపుకి సిద్ధమే.

ఇంటి దగ్గర చూసుకోవడానికి ఒక కొలత: ఖాళీ పార్కింగ్ స్థలంలో సుద్దతో గీత గీయండి. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టి, పది మీటర్లలో ఆగాలి. పదిసార్లలో పదిసార్లూ ఆగాలి. ఎనిమిదిసార్లు ఆగడమంటే గుంపులో రెండుసార్లు ఎవరి వీపుకో గుద్దుకోవడమని అర్థం.

దీనికి తగులుకునే ఇంకో అపోహ, హీల్ బ్రేకు (స్కేటు మడమ వెనక ఉండే రబ్బరు దిమ్మ) పిల్లలకీ కొత్తవాళ్లకీ అని. అందం కోసం దాన్ని విప్పేసి టీ-స్టాప్ (వెనక పాదాన్ని అడ్డంగా పెట్టి ఈడుస్తూ ఆగడం) మీద ఆధారపడతారు. సాపు దారిలో టీ-స్టాప్ బాగానే పనిచేస్తుంది. పొడవాటి దిగుడులో ఒక కాలి చక్రాలనే ఈడ్చుకుంటూ పోతే అవి ఒక పక్క అరిగిపోతాయి, పైగా బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది కాబట్టి గుంత వస్తే తప్పించుకోలేరు. హీల్ బ్రేకులో రెండు కాళ్లూ నేల మీదే ఉంటాయి. బ్రేకున్న కాలు అడుగు ముందుకి జరిపి, మోకాళ్లు వంచి, ముందు కాలి వేళ్లు పైకెత్తి, బరువు మెల్లగా దాని మీదకి తేవాలి. ఒక్కసారిగా తొక్కితే పక్కకి తిరుగుతారు. రబ్బరు సగానికి పైగా అరిగి ఉంటే బయలుదేరేముందే మార్చండి.

అపోహ: రింకులో పతకాలు వచ్చాయి, రోడ్డు ఎంత!

రింకులో ఎప్పుడూ ఎడమకే తిరుగుతారు. నేల నున్నగా, తెలిసిన నేలగా ఉంటుంది. రోడ్డు నీళ్లు పోవడానికి అంచుల వైపు వాలుగా వేసి ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఒక కాలు కిందా ఒక కాలు పైనా నడుస్తున్నట్టే. రెండో రోజు నడుం పట్టేయడానికి సగం కారణం అదే. కుడికి క్రాసోవర్ (మలుపులో ఒక కాలి మీదుగా ఇంకో కాలు దాటించడం) వేయడం, కదులుతూనే ఫుట్‌పాత్ ఎక్కి దిగడం, వంతెనల మీద అడ్డంగా వచ్చే ఇనుప జాయింట్లు దాటడం విడిగా నేర్చుకోవాలి. జాయింటయినా, పట్టాలయినా నిలువుగా, అడ్డంకికి సూటిగా దాటండి. ఒక కాలు అరడుగు ముందుంచి మోకాళ్లు వదులు చేస్తే ముందు చక్రం తట్టుకున్నా వెనక కాలు కాపాడుతుంది. ఏటవాలుగా దాటితే సన్నని చక్రం సందులో ఇరుక్కుంటుంది.

రింకు క్వాడ్స్ (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే స్కేట్స్) వేసుకొచ్చేవాళ్లకి ఒక మాట. రింకు చక్రాలు 95ఎ పైన (ఈ అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టి) గట్టిగా ఉంటాయి. తారు రోడ్డు మీద ప్రతి గులకరాయీ పళ్లదాకా తెలుస్తుంది. 78ఎ మెత్తదనమున్న అవుట్‌డోర్ చక్రాలు వేసుకుంటే క్వాడ్స్‌తోనూ తిరగొచ్చు, కాకపోతే మెల్లగా వెళ్లే గుంపులో చేరండి. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్స్‌కి 85ఎ దగ్గర్లో ఉంటే సరిపోతుంది.

అపోహ: పెద్ద చక్రాలు, ఖరీదైన బేరింగులు ఉంటే కష్టం ఉండదు.

సగం నిజం. 110 మిల్లీమీటర్ల మూడు చక్రాల ఫ్రేమ్ పగుళ్ల మీద హాయిగా పోతుంది. కానీ పాదం ఎత్తుకి వెళ్తుంది, చీలమండ మీద భారం పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ వేగం అందుకోవడం ఆలస్యమవుతుంది. ఊళ్లో ఆగడాలే ఎక్కువ. 80 మిల్లీమీటర్ల నాలుగు చక్రాల మీద బాగా ఆగగలిగేవాళ్లు యాత్రకి ముందు నెలలో మారకపోవడమే మేలు.

బేరింగుల మీద రాసే ఎబెక్ అంకె తయారీలో ఎంత కచ్చితత్వం పాటించారో చెప్పేది, ఎంత వేగంగా పోతారో చెప్పేది కాదు. గంటకి 20 కిలోమీటర్లలో 80 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి 1,330 చుట్లు తిరుగుతుంది. ఆ బేరింగుకి అదొక లెక్కే కాదు. డబ్బు పెట్టాలంటే బూటు మీద పెట్టండి.

చక్రాలు మార్చుకోవడం (ఒకటోది మూడో చోటుకి, రెండోది నాలుగో చోటుకి, అరిగిన అంచు బయటికి వచ్చేలా ఎడమవి కుడి కాలికి) ముందు రాత్రి హోటల్ గదిలో పెట్టుకోకండి. వారం ముందు చేసి, ఒకసారి తిరిగి, ఆక్సిల్ బోల్టులు మళ్లీ బిగించండి. దారిలో ఊడేవి ముందురోజు బిగించినవే.

అపోహ: పెద్ద ఈవెంటు కదా, కొత్త బూట్లు కొనాలి.

కొంటే రెండు నెలల ముందు కొనండి. కనీసం పది పదిహేను గంటలు తిరిగితేగానీ లైనరు (బూటు లోపలి మెత్త) పాదానికి అమరదు. వేళ్ల దగ్గర లేసు వదులుగా, మడమ దగ్గర పట్టీ బిగువుగా ఉండాలి; అంతా ఒకే బిగువు పెట్టేవాళ్లకే ముంగాలి ఎముక వెంట నొప్పి, అరికాలి తిమ్మిరి. గంట తిరిగాక పాదం ఉబ్బుతుంది, మొదటి విరామంలో ఒక గీత వదులు చేయండి. ఎక్కడైనా మంట పుడితే అప్పుడే ఆగి టేపు వేయాలి. పొక్కు లేచాక వేసే టేపు వల్ల ప్రయోజనం తక్కువ. శనివారం ఉదయం లేచిన పొక్కు ఆదివారాన్ని తినేస్తుంది.

అపోహ: ఇదొక పందెం.

పందెం కావాలంటే బెర్లిన్ ఉంది: పరుగు మారథాన్‌కి ముందు రోజు శనివారం అదే ఊళ్లో 42.195 కిలోమీటర్ల ఇన్‌లైన్ మారథాన్, గడియారంతో సహా. గుంపు యాత్ర వేరు. ముందుండే లీడర్‌ని ఎవరూ దాటరు, వెనకుండే స్వీప్‌ని దాటి ఎవరూ వెనకపడరు. సాపులో ముందువాళ్లకి రెండు మూడు మీటర్ల ఎడం, దిగుడులో దానికి రెట్టింపు. గుంత కనబడితే వేలుతో చూపి అరవాలి, ఆగేముందు చెయ్యెత్తి చెప్పాలి. చెప్పకుండా పక్కకి జరగడం కన్నా మెల్లగా వెళ్లడం నయం.

పారిస్‌లో శుక్రవారం రాత్రి స్కేటింగ్‌కి పోలీసులే చక్రాల మీద వెంట వస్తారు. అది చూసి అన్ని ఊళ్లలోనూ రోడ్డు మూసేస్తారనుకోకండి. న్యూయార్క్‌లో కార్ల మధ్యే వెళ్లాల్సి వస్తుంది. గుంపుని రోడ్డు దాటించే మార్షల్ చెయ్యి అడ్డం పెట్టినంతమాత్రాన ఎదుటి కారు ఆగుతుందని నమ్మకండి, తల తిప్పి మీరే చూసుకోండి.

అపోహ: నాలుగు చినుకులకి ఏమవుతుంది?

పొడి వేసవిలో మొదటి చినుకులే ఎక్కువ జారుడు. రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి పైకి తేలతాయి. తెల్ల రంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప పలకలు, ఈ మూడింటి మీద తోయడం, తిరగడం, బ్రేకు వేయడం ఏదీ చేయొద్దు. కాళ్లు నిశ్చలంగా ఉంచి దాటేయండి. తడిసిన రాత్రే చక్రాలు విప్పి బేరింగులు తుడిచి ఆరబెట్టి, ఒక్కో చుక్క నూనె వేయండి. నాలుగు చక్రాల స్కేట్స్ జతకి బేరింగులు 16, గంట పని. బద్ధకిస్తే పొద్దున్నకి తుప్పు కరకర వినబడుతుంది.

మిగతావి టూకీగా. మూడు రోజుల్లో పెట్టిన ప్రతి స్కేటింగ్‌కీ వెళ్లక్కర్లేదు. శనివారం మధ్యాహ్నం మానేసి పడుకుంటే రాత్రి వెలుగుల్లో తిరగడం దక్కుతుంది. ఉత్త నీళ్లే తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు, లీటరుకి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి పెట్టుకోండి. పడితే ముందు ఆనేది అరచెయ్యే కాబట్టి హెల్మెట్‌తో పాటు రిస్ట్ గార్డులు తప్పనిసరి అనుకోండి. సంచిలో పల్చటి చెప్పులు పెట్టుకోండి, సబ్‌వే స్టేషన్లలో చక్రాలతో తిరగనివ్వరు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు మీరు సంతకం పెట్టే కాగితాన్ని బీమా అనుకోకండి. దెబ్బ తగిలితే నిర్వాహకులకి బాధ్యత లేదని ఒప్పుకునే కాగితం అది. ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి, అందులో స్కేటింగ్‌ని మినహాయించారేమో తీసుకునే ముందే చదవండి.