కౌంటీ ఆదాయం: ఒకే గీత వెనుక నాలుగు కొలతలు

అమెరికాలో 3,100కు పైగా కౌంటీలున్నాయి, మన జిల్లాల్లాంటివి. ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరుసలో పెడితే సరిగ్గా నడుమన ఉండే ఇంటి ఆదాయమే మధ్యగతం. ఏ కౌంటీకైనా 1969 నుంచి ఇప్పటిదాకా ఈ మధ్యగతాన్ని గ్రాఫుగా గీసేయొచ్చు. అయితే గీత ఒకటే అయినా కొలత ఒకటి కాదు. అతుకులు ఎక్కడున్నాయో తెలియకపోతే కొలత మారడాన్నే జనం బతుకు మారడంగా పొరబడతాం.

ఆదాయం ప్రశ్న 1940 జనగణనలో మొదలైంది. అప్పుడు అడిగింది జీతం, కూలీ వరకే. 5,000 డాలర్లు దాటితే ఎంతో చెప్పనక్కర్లేదు. తర్వాతి దశకాల్లో ప్రశ్న విస్తరించింది, కానీ అందరినీ అడగలేదు. 1990లో, 2000లో సుమారు ఆరిళ్లలో ఒక ఇంటికే ఆదాయం ప్రశ్న ఉన్న పొడవాటి ఫారం వెళ్లింది. 1959 నాటి కౌంటీ పట్టికల్లో దొరికేది కుటుంబ ఆదాయం, అంటే బంధుత్వం ఉన్నవాళ్లది. ఒంటరిగా ఉండేవారినీ కలుపుకునే ఇంటి ఆదాయం కాదు. ఈ రెంటినీ ఒకే గీతలో కలిపితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. మరో పొరపాటు ఏడాది దగ్గర: 2000 ఏప్రిల్ జనగణన చెప్పేది 1999 ఆదాయం. దాన్ని 2000 కింద రాస్తే ధరల సవరణ కూడా ఏడాది పక్కకు జరిగిపోతుంది.

పదేళ్లకోసారి వచ్చే లెక్క నిధుల పంపకానికి చాల్లేదు. వెయ్యిలోపు జనాభా ఉన్న ఊళ్ల ఆదాయాన్ని అంచనా వేయడానికి ఫే, హెరియట్ అనే గణాంక నిపుణులు ఒక పద్ధతి తయారుచేసి 1979లో ప్రచురించారు. సర్వే ఇచ్చిన అంకెను, ఇతర రికార్డుల ఆధారంగా గణిత సూత్రంతో (రిగ్రెషన్) ఊహించిన అంకెను తూకం వేసి కలపడమే ఆ పద్ధతి. శాంపిల్ చిన్నదైతే సర్వేకు తూకం తగ్గుతుంది. 1994 విద్యా చట్టం పేద పిల్లల నిధులకు తాజా కౌంటీ అంచనాలు కావాలనడంతో, జనగణన సంస్థ సైప్ (చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాల) కార్యక్రమంలో ఇదే దారి పట్టింది. పన్ను రిటర్నులు, ఆహార సాయం పొందేవారి సంఖ్య, పాత జనగణన మధ్యగతం వంటివి ఇందులో ఆధారాలు. ఏటా అంకె వస్తుంది, ఎగుడుదిగుళ్లు తక్కువ. ఇబ్బంది కూడా అక్కడే: చిన్న కౌంటీలో ఉన్న ఒక్క గని మూతపడితే, ఆ దెబ్బ మోడల్‌లో నిజం కంటే చిన్నదిగా కనిపించవచ్చు. 2005 నుంచి సైప్ తన మూల సర్వేనే మార్చింది కాబట్టి 2004, 2005 అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆ కొత్త మూలమే అమెరికన్ కమ్యూనిటీ సర్వే. ఇది పొడవాటి ఫారం స్థానంలోకి వచ్చింది. ఏడాది పొడవునా ఇళ్లను అడుగుతుంది, ‘గత 12 నెలల’ ఆదాయం అంటుంది. జనవరిలో జవాబిచ్చిన ఇంటికీ డిసెంబరులో ఇచ్చిన ఇంటికీ కలిపి చూస్తే ఒక ఏడాది లెక్క 23 నెలల మీద పరుచుకుంటుంది. 65,000 జనాభా దాటిన కౌంటీలకే మామూలు ఏడాది అంచనా. మిగతావాటికి అయిదేళ్ల శాంపిల్ కలిపితేగానీ కుదరదు. ‘అత్యంత సంపన్న కౌంటీ’ వార్తలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వర్జీనియాలోని లౌడన్ ఏడాది జాబితాలో ఉంటుంది. దానితో పోటీపడే ఫాల్స్ చర్చ్ నగరాన్ని కౌంటీతో సమానంగానే లెక్కిస్తారు, కానీ అంత జనాభా లేక ఆ జాబితాకే ఎక్కదు. 2020లో కోవిడ్ వల్ల జవాబులు తగ్గి, మామూలు ఏడాది అంచనాలు అసలు విడుదల కాలేదు.

రెండు ఏళ్ల ఆదాయాలను పోల్చేముందు రెంటినీ ఒకే ఏడాది డాలర్లలోకి మార్చుకోవాలి. ఒక కౌంటీ 44,000 (±5,000) నుంచి 50,000 (±6,000)కి చేరిందనుకుందాం. ఈ ± హద్దులు 90 శాతం నమ్మకానివి. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే తేడాకు ఉండే హద్దు వస్తుంది: సుమారు 7,800. తేడా 6,000 మాత్రమే, కాబట్టి పెరిగిందని చెప్పలేం. అయిదేళ్ల అంచనాలైతే ఏళ్లు ఒకదానిమీదొకటి పడకూడదు: 2010–14ను 2015–19తో పోల్చాలి, 2011–15తో కాదు.

సరిహద్దులు మారిన చోట ఇంకా చిక్కు. కొలరాడోలో 2001లో నాలుగు కౌంటీల ముక్కలతో బ్రూమ్‌ఫీల్డ్ పుట్టింది. వర్జీనియాలో బెడ్‌ఫర్డ్ నగరం 2013లో కౌంటీలో కలిసింది. దక్షిణ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా అయింది. హద్దు మారలేదు, పట్టికల్లో కౌంటీని గుర్తించే కోడ్ 46113 నుంచి 46102కు మారింది. పట్టికలు జతచేసేటప్పుడు ఈ కౌంటీ చప్పుడు లేకుండా రాలిపోతుంది.

రెండు ప్రాంతాల మధ్యగతాలను సగటు తీస్తే ఉమ్మడి మధ్యగతం రాదు. ఆదాయ తరగతుల వారీగా ఇళ్లు కూడాలి. 10,000 ఇళ్లలో 50,000 డాలర్లలోపు 4,600, 50,000–60,000 మధ్య 1,000 ఉంటే, 5,000వ ఇల్లు ఆ తరగతిలో నలభై శాతం దగ్గర పడుతుంది: మధ్యగతం 54,000. కనెటికట్‌కు ఇప్పుడు ఈ దారే దిక్కు. 2022 నుంచి అక్కడ ఎనిమిది కౌంటీలకు బదులు తొమ్మిది ప్రణాళికా ప్రాంతాలకే అంకెలు వస్తున్నాయి. కొత్త ప్రాంతాలూ పూర్తి టౌన్లతోనే ఏర్పడ్డాయి కనుక, పాత అయిదేళ్ల పట్టికల్లోని 169 టౌన్ల ఇళ్లను కొత్త హద్దుల ప్రకారం కూడి, పాత ఏళ్ల మధ్యగతాన్ని మళ్లీ కట్టుకోవచ్చు.